గొడుగు పాటలోని నవ్వు

మైకమ్మ కుట్టుమిషన్ పెట్టుకున్న గది ఎంత ఇరుకంటే, ఇద్దరు లోపలికి వస్తే మూడో మనిషి మెట్టు మీదే ఆగాలి. ఒక గోడకు నిలువుటద్దం, ఇంకో గోడకు రంగురంగుల దారపు రీళ్లు, తలుపు వెనక కొక్కేలకు కుట్టి ఇవ్వాల్సిన బట్టల సంచులు. ప్యాంట్లు పొట్టి చేయడం, చిరిగిన కాలర్లు తిప్పి కుట్టడం, మొరాయించే జిప్పులు మార్చడం ఆమె పని. మైకమ్మ అనేది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. భర్త ఒకప్పుడు మైకుసెట్టు అద్దెకు ఇచ్చేవాడు కాబట్టి ఆ పేరు అంటుకుంది. ఈ కాలం పిల్లలకు ఆ సంగతి తెలియదు. గట్టిగా మాట్లాడుతుంది కాబట్టి అలా పిలుస్తారని అనుకుంటారు. అందులోనూ అబద్ధం లేదు.

ఒక మధ్యాహ్నం కాలేజీ అమ్మాయి ఒకతె గౌను అంచు మడిపించుకోవడానికి వచ్చింది. "అయ్యేదాకా ఇక్కడే ఉంటా ఆంటీ" అని అద్దం ముందు నిలబడి ఫోను ఎత్తి పట్టుకుంది. ఫోనులోంచి పాట మొదలైంది.

"గొడుగేదయ్యా మామా, గొడుగేదీ?
పొద్దున్న చంకనెట్టిన గొడుగేదీ?
వానొచ్చి వాకిట్లో నిలుచుందయ్యా,
వంకలొద్దు, చెప్పయ్యా, గొడుగేదీ?"

అమ్మాయి పెదాలు మాత్రమే కదుపుతోంది, గొంతు ఫోనుది. నాలుగో పాదం చివర, పాడుతున్న మనిషికి ఎందుకో పట్టరాని నవ్వు వచ్చింది. పొట్టలోంచి తన్నుకొచ్చిన నవ్వు. ఆపుకోబోయి, ఆగక, ముక్కులోంచి కూడా కాస్త బయటికొచ్చి, మళ్లీ తాళం తప్పకుండా పాటలోకి దూరిపోయింది. అమ్మాయి ఆ నవ్వుకి తల వెనక్కి వాల్చి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా అభినయించింది.

మైకమ్మ కాళ్లు మిషన్ తొక్కడం మానేశాయి.

"ఏదీ, మళ్లీ పెట్టు."

"బాగుంది కదా ఆంటీ? ఇప్పుడు అందరూ దీనికే వీడియోలు చేస్తున్నారు. ఈ నవ్వు కోసమే."

"అది నేనే."

"ఏది మీరు?"

"ఆ పాడేది. ఆ నవ్వేది."

అమ్మాయి మర్యాదస్తురాలు. వెక్కిరించలేదు. "అవునా ఆంటీ" అంది, జ్వరంలో మాట్లాడేవాళ్లకు జవాబిచ్చినట్టు మెత్తగా. ఆ తర్వాత ఫోను ఇటు తిప్పింది. "ఈవిడ కదా పాడింది?"

పాట పేరు పక్కన చిన్న చదరంలో ఎర్రటి పెదాలు, చెవులకు పెద్ద పెద్ద రింగులు ఉన్న ఒక ఆడమనిషి నవ్వుతోంది. మైకమ్మ పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆ మొహాన్ని ఎక్కడా చూడలేదు.

ఆ పాట పాడిన రోజుల్లో పాటంటే చేత్తో పట్టుకునే వస్తువు. క్యాసెట్ కొనుక్కునేవాళ్లు, అరువు తెచ్చుకునేవాళ్లు, తిరిగివ్వమంటే మొహం చాటేసేవాళ్లు. టేపు బయటికొచ్చి చిక్కుపడితే పెన్సిలు దూర్చి ఓపిగ్గా చుట్టుకునేవాళ్లు. మైకమ్మ అప్పుడు భర్త మైకుసెట్టుతో పాటు పెళ్లిళ్లకూ సభలకూ వెళ్లి పాడేది. కీబోర్డు వాయించే అతను ఒకడు, డ్రమ్ములవాడు ఒకడు, ఈమె. ముగ్గురే. ముప్పైమంది ఉన్నట్టు మోత మోగించేవాళ్లు. ఒక పెళ్లిలో ఈమె గొంతు విన్న క్యాసెట్ల షావుకారు, ఆలుమగల సరదా పాటలు కొన్ని రికార్డు చేయిస్తానని పిలిచాడు.

రికార్డింగు అతని ఇంటి మేడ మీద గదిలో. బయటి చప్పుడు రాకుండా కిటికీలకు బొంతలు కట్టారు. ఫ్యాను రొద వినబడుతుందని దాన్నీ ఆపేశారు. గొడుగు పాట సగంలో ఉండగా, చెమటతో తడిసి ముద్దయిన కీబోర్డు అతని కింద ప్లాస్టిక్ కుర్చీ కాలు విరిగింది. అతను వాయిస్తూనే మెల్లగా నేల మీదికి దిగిపోయాడు. చేతులు మాత్రం పైనే, మీటల మీదే ఉన్నాయి. మైకమ్మకు నవ్వు ఆగలేదు. షావుకారు మళ్లీ తీయించలేదు. "ఉండనీండి, కూరలో తాలింపులా ఉంది" అన్నాడు. ఏదో చేతిలో పెట్టాడు, ఒక క్యాసెట్ ఇచ్చాడు. అట్ట మీద వర్షంలో తడుస్తున్న ఒక జంట బొమ్మ ఉంది. పాడినవాళ్ల ఊసు లేదు. అప్పుడు ఆమెకు అదేమీ పట్టలేదు. బస్సుస్టాండులో క్యాసెట్ల బండి మీద తన గొంతు వినబడితే, తెలియనట్టు నిలబడి, రెండు బస్సులు వదిలేసుకుని వినేది. అదే పెద్ద పండగ.

ఆ తర్వాత అద్దంలా మెరిసే సీడీలు వచ్చాయి. వాటి వెనకాలే గోరంత మెమరీ కార్డు వచ్చింది. బజారులో ఒక కుర్రాడు కంప్యూటరు ముందు కూర్చుని, అడిగిన పాటలన్నీ చెంబులో నీళ్లు పోసినట్టు ఆ కార్డులోకి పోసేవాడు. షావుకారు దుకాణం మూతబడింది. పెళ్లి హాళ్లవాళ్లు సొంతంగా సౌండు బాక్సులు కొనుక్కున్నాక మైకుసెట్టు కూడా అటకెక్కింది. ఇప్పుడైతే కార్డు కూడా అక్కర్లేదు. పాట ఎక్కడుందో ఎవరికీ తెలియదు, అడగ్గానే ఫోనులోకి వస్తుంది. మైకమ్మ దగ్గరున్న క్యాసెట్‌కు ఇల్లు మారినప్పుడు చూస్తే బూజు పట్టి ఉంది. అందరూ మరిచిపోయిన పాటే కదా అని ఆమె కూడా పారేసింది.

ఆ సాయంత్రం కూతురు కొరియర్ ఆఫీసు నుంచి ఇంటికి రాగానే మైకమ్మ గుమ్మంలోనే నిలేసింది. కూతురు చెప్పులైనా విప్పకుండా పాట వెతికి పెట్టింది. మొదటి మాట వినగానే తల్లి వైపు చూసింది. నవ్వు వచ్చేసరికి ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"అమ్మా, నువ్వేనే."

"నేను కాకపోతే ఇంకెవరే? మరి ఆ మొహం ఎవరిది?"

మైకమ్మ భర్త మైకాయన మంచం మీద పడుకుని ఫోనులో సినిమా చూస్తున్నాడు. జీవితమంతా లౌడుస్పీకర్ల పక్కన నిలబడ్డ ఫలితంగా ఆయనకు చెవులు దాదాపు పనిచేయవు. కానీ ఫోనంటే ఆయనకు ప్రాణం. సినిమా కింద మాటలు అక్షరాల్లో పడుతుంటాయి, చదువుకుంటాడు. "హాల్లో చూసిన రోజుల కంటే ఇప్పుడే కథ బాగా అర్థమవుతోంది" అంటాడు. సంగతి విని, అంటే కూతురు ఫోనులో టైపు చేసి చూపిస్తే చదివి, ఆ బొమ్మను దగ్గరికి లాక్కుని పరీక్షగా చూశాడు.

"సొమ్మొకడిది, సోకొకడిది. అయినా ఈవిడ నీకంటే బాగానే ఉందే" అన్నాడు.

"చెవులు పోయినా కళ్లకేం లోటు లేదు" అంది మైకమ్మ. ఆ ముక్క ఆయనకు ఎవరూ టైపు చేసి చూపించలేదు.

కూతురు ఆ పాటల యాప్‌వాళ్లకు రాసింది. ఇది మా అమ్మ పాట, ఆ ఫోటో మా అమ్మది కాదు, దయచేసి సరిచేయండి అని. వెంటనే జవాబు వచ్చింది. "మీ అభిప్రాయం మాకు అమూల్యం." మర్నాడు ఇంకోటి వచ్చింది. "మీ సమస్య పరిష్కరించబడింది." తీసి చూస్తే ఎర్ర పెదాలు అక్కడే ఉన్నాయి. మళ్లీ రాసింది. మళ్లీ అమూల్యం, మళ్లీ పరిష్కారం. మూడోసారి ఇంకొంచెం కోపంగా రాస్తే, మా సేవలకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగారు.

"ఎవరితోనైనా మాట్లాడవే. మనిషన్నవాడు ఉండడా?" అంది మైకమ్మ.

"ఉండడమ్మా. మిషనే చదివి మిషనే రాస్తుంది."

"నా మిషన్ నయం. తొక్కితే కుడుతుంది."

కూతురికి ఒక ఉపాయం తట్టింది. అమ్మ చేత ఆ పాట పాడించి వీడియోల యాప్‌లో పెడితే జనమే గుర్తుపడతారు కదా అనుకుంది. ఆదివారం పొద్దున మైకమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, మిషన్ పక్కన కూర్చుని పాడింది. గొంతు బొంగురుపోయింది కానీ పాట పట్టు తప్పలేదు. చివర్లో "ఈ పాట పాడింది నేనేనండీ" అని కెమెరాకు చెప్పింది. కూతురు పెట్టింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, పాలు పొంగుతాయేమోనని గిన్నె వైపు చూసినట్టు ఫోను వైపు చూస్తున్నారు. వీధిచివర మందుల షాపామె ఒక గుండె బొమ్మ పంపింది. అంతలోనే వీడియో మీద బూడిదరంగు తెర పడింది. ఈ పాట హక్కులు మరొకరివి, అనుమతి లేకుండా వాడినందున తొలగించాం, మళ్లీ ఇలా చేస్తే మీ ఖాతా మూసేస్తాం అని రాసుంది.

మైకమ్మకు అర్థం కాలేదు. కూతురు రెండుసార్లు చదివి వినిపించింది.

"అంటే నేను నా పాట దొంగతనం చేశానా?"

"అలాగే అంటున్నారు."

"ఎవరి దగ్గర్నుంచి?"

కూతురు మళ్లీ ఫోను చేతిలోకి తీసుకుంది. తెల్లవార్లూ ఫోను గీకి గీకి, మొత్తానికి ఆ మరొకరు ఎవరో పట్టుకుంది. పక్క పట్నంలో ఒక కంపెనీ. మూతబడ్డ దుకాణాల నుంచి పాత క్యాసెట్లు, వాటి హక్కులు బస్తాల లెక్కన కొని, ఇంటర్నెట్టులోకి ఎక్కించడమే వాళ్ల వ్యాపారం. షావుకారు పోయాక ఆయన కొడుకు గోదాము మొత్తం వాళ్లకు అమ్మేశాడట.

మైకమ్మ పని ఆపుకుని, కూతురి చేత సెలవు పెట్టించి అక్కడికి వెళ్లింది. అన్నీ అద్దాల గోడలే. లోపల పనిచేసే కుర్రకారు చెవులకు డిప్పలు పెట్టుకుని తెరల్లోకి చూస్తున్నారు. పాటల కంపెనీ అంటారు గానీ పాటన్నది ఎక్కడా వినబడదు. వాళ్లతో మాట్లాడటానికి వచ్చిన ఉద్యోగి చాలా మంచివాడు. అదే ఇబ్బంది. తిట్టేవాడైతే తిరిగి తిట్టొచ్చు.

"అమ్మా, మేము ఆ ఫోటో కావాలని పెట్టలేదు. క్యాసెట్ మీద పాడినవాళ్ల పేర్లు లేవు. కంప్యూటరే ఆ గొంతుకు నప్పుతుందని ఎవరిదో ఫోటో తగిలించింది."

"ఆవిడెవరు మరి?"

అతను తెరలో వెతికాడు. "తెలియదమ్మా. బహుశా పాడేవారే కాకపోవచ్చు."

"సరే, ఇప్పుడు నేనొచ్చాను కదా. తీసేయండి."

"తీయాలంటే అది మీరేనని రుజువు కావాలి."

"రుజువేముంది నాయనా, గొంతే రుజువు" అని ఆమె అక్కడికక్కడే గొడుగు పాట ఎత్తుకుంది. డిప్పలు పెట్టుకున్న తలలు కొన్ని ఇటు తిరిగాయి. ఆ ఉద్యోగి శ్రద్ధగా విన్నాడు.

"దగ్గరగానే ఉందమ్మా. కానీ వయసుతో గొంతు మారుతుంది కదా. మామూలుగా నవ్వు అంత త్వరగా మారదంటారు. ఒక్కసారి అలా నవ్వగలరా?"

మైకమ్మ కూతురి వైపు చూసింది. కూతురు తలాడించింది. మైకమ్మ ఊపిరి తీసుకుని నవ్వింది. హహహ అని వచ్చింది, ఎవరో రాసిచ్చినట్టు. మళ్లీ నవ్వింది. ఈసారి దగ్గొచ్చింది. ఆ విరిగిన కుర్చీని గుర్తు తెచ్చుకుంది, మీటల మీద మిగిలిపోయిన ఆ చేతుల్ని గుర్తు తెచ్చుకుంది. కానీ అద్దాల గోడల మధ్య, పొద్దున్నుంచి బస్సులు మారి వచ్చి, ఒళ్లంతా మండే కోపం పెట్టుకుని నవ్వు ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి? ఆ ఉద్యోగి మంచినీళ్లు తెప్పించాడు. "పరవాలేదమ్మా, కంగారు పడకండి" అన్నాడు. నవ్వలేకపోయినందుకు ఇంకొకరు ఓదార్చే రోజు వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"ఆరోజు మీతో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్తే కూడా సరిపోతుందమ్మా" అన్నాడు చివరికి.

ఆరోజువాళ్లలో ఇప్పుడు మిగిలి ఉన్నది ఒక్క కీబోర్డు అతనే. ఇప్పుడు బీమా పాలసీలు కట్టిస్తుంటాడు. ఇంటికి వెళితే ఆప్యాయంగా కూర్చోబెట్టాడు. ఆ పాట ఫోన్లలో తిరుగుతున్న సంగతి అతనికీ తెలుసు.

"చెప్తాను వదినా, ఎందుకు చెప్పను? నేను పడబట్టే కదా నీకు నవ్వొచ్చింది? ఆ లెక్కన నవ్వు నాదే. బాణీ కూడా నాదే. ఫోటో పెట్టాల్సొస్తే నాదే పెట్టాలి. పోనీ, ఇద్దరం కలిసి దిగుదాం."

"నువ్వు పడ్డావు, నవ్వింది నేను. పడ్డవాళ్లందరికీ ఫోటోలు పెడితే చోటుంటుందా?"

మాటా మాటా పెరిగింది. అతని భార్య మధ్యలో వచ్చి, ఇద్దరికీ చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చి చల్లబరిచింది. చివరికి అతను మైకమ్మే పాడిందని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. బాణీ తనదని వేరుగా ఇంకో ఫిర్యాదు కూడా పెట్టాడు.

కొన్ని వారాల తర్వాత కూతురు ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. "అమ్మా, ఫోటో పోయింది." మైకమ్మ మిషన్ ముందు కుర్చీలోంచి లేచి నిలబడింది. "కానీ పాట కూడా పోయింది."

హక్కుల మీద గొడవ నడుస్తోంది కాబట్టి, తేలేదాకా పాటనే తీసేశారు. ఆ యాప్‌లో లేదు, వీడియోల యాప్‌లోనూ లేదు. పెదాలు కదిపిన పిల్లలందరి వీడియోలు మూగబోయాయి. వాళ్లు అలాగే గొంతు లేకుండా నోళ్లు తెరిచి, తలలు వాల్చి నవ్వుతున్నారు. మైకమ్మ ఒకటి చూసి ఫోను బోర్లా పెట్టేసింది. క్యాసెట్ల కాలంలో షావుకారు దివాలా తీసినా, అమ్మిన పాటను ఎవరింట్లోంచీ వెనక్కి తీసుకోలేకపోయాడు. ఇప్పుడు ఎక్కడో ఒకడు ఒక మీట నొక్కితే, ఊళ్లన్నిట్లోనూ ఒకేసారి నోరు మూతపడింది. ఎవరి దగ్గరా ఒక్క ముక్క మిగల్లేదు. ఎందుకంటే అది మొదట్నుంచీ ఎవరి దగ్గరా లేదు.

గౌను అమ్మాయి ఇంకో గౌను తెచ్చింది. "ఎవరో కంప్లయింట్ ఇచ్చారట ఆంటీ, ఆ పాట తీసేశారు. ఎంత కుళ్లుబోతువాళ్లుంటారో" అంది. మైకమ్మ పళ్ల మధ్య గుండుసూదులు పట్టుకుని ఉంది కాబట్టి ఆ పిల్ల బతికిపోయింది.

కీబోర్డు అతను ఫోన్ చేశాడు. "ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె. నువ్వు కదిలించకపోతే పాటన్నా మిగిలేది వదినా."

"నువ్వు బాణీ బాణీ అని ఎగబడకపోతే ఇంకా మిగిలేది."

ఫోన్ పెట్టేసింది గానీ, ఆ మాట ముల్లులా ఉండిపోయింది. పాట వినబడుతున్నప్పుడు ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. వినబడకపోతే అంతకంటే ఘోరంగా ఉంది. బస్సులో, బడ్డీకొట్టు దగ్గర, ఎవరైనా ఫోను తీస్తే చెవి అటే పోతోంది. ఇంకేవో పాటలు, ఇంకెవరివో నవ్వులు.

కంపెనీలో ఆ మంచివాడే దారి చెప్పాడు. మీరిద్దరూ ఫిర్యాదులు వెనక్కి తీసుకుంటే పాట మళ్లీ పెడతాం అన్నాడు. తీసుకోవడమంటే, ఆ రికార్డింగు మీద నాకు ఏ హక్కూ లేదని ఒప్పుకుని ఒక గడిలో టిక్కు పెట్టడం. బీమా అతను విసుక్కుంటూ తన టిక్కు పెట్టేశాడు. మైకమ్మ మాత్రం రెండు రోజులు ఫోను ముట్టుకోలేదు.

"నాన్నేమంటారో అడుగు" అంది కూతురు.

"ఆయన్ని అడగడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే."

అయినా టైపు చేసి చూపించారు. మైకాయన సినిమా ఆపి, చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకు పాట వినపడక ఎన్నేళ్లయిందో. ఎవరి మొహం పెడితే నాకేం? కానీ వాళ్లు నిన్నడిగింది ఏంటి? నీ నోటితో నువ్వు, నేను కాదని చెప్పమన్నారు. నా చెవులు పోయినప్పుడు కూడా నన్ను ఎవరూ అలా అడగలేదు" అన్నాడు. ఆయన అంత పొడుగ్గా మాట్లాడి చాలాకాలమైంది.

అయితే ఏం చేయమంటాడో మాత్రం చెప్పలేదు. ఇంకొకరి బుర్రలోకి పురుగు దూర్చి వదిలేయడం ఆయనకు మొదట్నుంచీ అలవాటే.

మూడో రోజు వంటింట్లో నిలబడి, తడి చేతిని కొంగుకు తుడుచుకుని, మైకమ్మ టిక్కు పెట్టింది. తెర మీద "ధన్యవాదాలు" అని వచ్చింది. కూతుర్ని పలకరించకుండా వెళ్లి గిన్నెలు తోముకుంది. ఆ పూట గిన్నెల మోత పక్కింటివాళ్లకు కూడా వినబడింది.

పాట తిరిగొచ్చింది. ఎర్ర పెదాలు, రింగులు కూడా తిరిగొచ్చాయి. కూతురు ఆవేశపడి మళ్లీ రాయబోతే, మైకమ్మ ఫోను లాక్కుని బీరువా మీద పెట్టింది. "చాలు. మళ్లీ అమూల్యం అంటే నేను వినలేను." ఈలోగా జనం కొత్త పాటకు పెదాలు కదుపుతున్నారు, గొడుగు పాట ఎప్పుడో ఒకసారి తప్ప వినబడటం లేదు. వినబడ్డప్పుడు మైకమ్మ మిషన్ వేగం పెంచుతుంది. ఒక్కోసారి తగ్గిస్తుంది. ఎప్పుడు ఏది చేస్తుందో ఆమెకే తెలియదు.

మొన్న కొత్తగా ఈ వీధికి వచ్చిన ఒకావిడ జాకెట్టు సరిచేయించుకోవడానికి వచ్చింది. టేపు తీస్తూ మైకమ్మ తెలియకుండానే ఆ పాట సన్నగా పాడుకుంటోంది. ఆవిడ విని ముచ్చటపడింది.

"బాగా పాడుతున్నారండీ. అచ్చం ఆ పాడినావిడలాగే ఉంది. నవ్వొక్కటి కుదిరితే మీరూ వీడియో పెట్టొచ్చు. కొంచెం ప్రాక్టీసు చేయండి."

మైకమ్మ ఆవిణ్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది.

"చెయ్యి ఎత్తండి" అంది. "చంక కొలత తీసుకోవాలి."